ఎస్‌ఎస్‌డీ ఒకటి, హార్డ్ డిస్క్ ఒకటి: ల్యాప్‌టాప్‌లో ఏ గేమ్ ఎక్కడ, ఏ ఫైల్ ఎక్కడ

సీ డ్రైవ్ పట్టీ ఎర్రగా మారి ఉంటుంది. పక్కనే డీ డ్రైవ్‌లో 700 జీబీ ఊరికే పడి ఉంటుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో దాచే వేగమైన డిస్క్), 1 టీబీ హార్డ్ డిస్క్ కలిపి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటి పరిస్థితి ఇదే. జాగా చాలక గేమ్ తీసేస్తారు, నెల తర్వాత మళ్లీ ఆడాలనిపిస్తే మళ్లీ డౌన్‌లోడ్ పెడతారు. 60 జీబీ గేమ్ 40 ఎంబీపీఎస్ లైన్ మీద ఒక్క క్షణం ఆగకుండా వచ్చినా 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. అనంతపురం హాస్టల్ గదిలో రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో నెట్టుకొచ్చేవాళ్లకైతే అది నెల రోజుల డేటా. అదే గేమ్‌ను ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కు మార్చడం 10 నుంచి 20 నిమిషాల పని. అందుకే తీసేయడం మానేసి మార్చడం నేర్చుకోవాలి. ఏది ఎటు పోవాలో తేల్చుకునేటప్పుడు ఆ ఫైల్ ఎంత విలువైనదని కాదు, కంప్యూటర్ దాన్ని ఎలా చదువుతుందని చూడాలి.

తేడా ఎక్కడుంది

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. హెడ్ (పళ్లెం మీది రాతను చదివే భాగం) సరైన వరుస మీదికి చేరడానికి సుమారు 12 మిల్లీసెకన్లు, కావలసిన ముక్క తిరిగి హెడ్ కిందికి వచ్చేదాకా సగటున ఇంకో అర చుట్టు. అంటే ఎక్కడో ఉన్న ఒక చిన్న ముక్క తేవడానికి 17, 18 మిల్లీసెకన్లు. చెల్లాచెదురుగా ఉన్న 10,000 చిన్న ఫైళ్లు చదవాలంటే అటూ ఇటూ తిరగడానికే 3 నిమిషాలు అయిపోతుంది. సాటా ఎస్‌ఎస్‌డీకి (హార్డ్ డిస్క్ వాడే లైన్ మీదే నడిచే రకం) ఒక్కో ముక్కకు 0.1 మిల్లీసెకను చాలు, అదే పని ఒకటి రెండు సెకన్లలో తేలుతుంది.

పెద్ద వీడియో ఫైల్ సంగతి వేరు. అది వరసగా ఒకేచోట ఉంటుంది కాబట్టి హార్డ్ డిస్క్ కూడా సెకనుకు 100 ఎంబీ పైనే ఇస్తుంది. సినిమాకు సెకనుకు 2 ఎంబీ కూడా అక్కర్లేదు. యార్డులో శెనక్కాయల మూట ఒకటి ఎత్తి లారీలో వేయడం ఎంతసేపు? పదివేల మూటల్లోంచి మూటకో కాయ ఏరి తెమ్మంటే ఎంతసేపు? హార్డ్ డిస్క్‌కు మొదటి పని చెప్పాలి, రెండోది ఎస్‌ఎస్‌డీకి వదలాలి.

ఎస్‌ఎస్‌డీలలోనూ రెండు రకాలు. సాటావి సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతాయి. ఎన్‌వీఎంఈవి (ఇంకా వేగమైన వేరే లైన్ వాడేవి) మూడో తరం లైన్ మీద 3,500 ఎంబీ దాకా, నాలుగో తరం మీద 7,000 దాకా పోతాయి. గేమ్ లోడింగ్‌లో హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించేంత తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే కనిపించదు. డబ్బు తక్కువుంటే వేగం అంకె చూడకండి, జాగా ఎక్కువున్నది తీసుకోండి.

మొదటి మెట్టు: లోపల ఏముందో చూడండి

సీ, డీ అని రెండు కనిపించినంత మాత్రాన రెండు డిస్కులు ఉన్నట్టు కాదు. అంగడిలో విండోస్ వేసేటప్పుడు ఒకే డిస్క్‌ను రెండు ముక్కలు చేసి ఇవ్వడం మన దగ్గర మామూలే. అలాంటి దాంట్లో గేమ్‌ను సీ నుంచి డీకి మారిస్తే వేగంలో ఏ తేడా రాదు.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లండి. ఎడమ పక్కన డిస్క్ 0, డిస్క్ 1 అని ఉంటాయి. ఒక్కోదాని కింద అది ఎస్‌ఎస్‌డీనా హార్డ్ డిస్కా, దాంట్లో ఏ అక్షరాల డ్రైవ్‌లు ఉన్నాయో రాసి ఉంటుంది. 256 జీబీ డిస్క్ 238గా, 512 జీబీ 476గా, 1 టీబీ 931గా కనిపిస్తే కంగారుపడొద్దు. తయారీదారు వెయ్యి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడండి. 05, సీ5, సీ6 అనే మూడు వరుసల చివరి గడిలో సున్నాలే ఉండాలి. సీ5 దగ్గర అంకె కనిపించిందంటే కొన్ని చోట్ల డిస్క్ తన రాతను తానే చదవలేకపోతోందని అర్థం. అలాంటి డిస్క్ మీద ఏదీ సర్దొద్దు, ముందు దాంట్లో ఉన్నది బయటికి తీయండి. సీ7 పెరుగుతుంటే మాత్రం డిస్క్ కంటే కనెక్టర్‌నో రిబ్బన్ కేబుల్‌నో అనుమానించాలి.

విండోస్ హార్డ్ డిస్క్ మీద ఉండి ఎస్‌ఎస్‌డీ పక్కన ఖాళీగా ఉంటే, లేదా అసలు ఎస్‌ఎస్‌డీనే లేకుంటే, ముందు విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి చేర్చాలి, మిగతా సర్దుబాట్లన్నీ దాని తర్వాతే. కొత్తది కొనేముందు స్లాట్ చూసుకోండి. ఎం.2 స్లాట్ (చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ గుచ్చే గాడి) ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ పడుతుందని లేదు, కొన్ని పాత మోడళ్లలో ఆ స్లాట్ సాటా రకాన్నే గుర్తిస్తుంది. మోడల్ నంబరుతో తయారీదారు ఇచ్చిన వివరాల పత్రం చూడటమే నమ్మకమైన దారి. 2.5 అంగుళాల డిస్క్ అయితే మందం 7 మిల్లీమీటర్లా 9.5నా అన్నది కూడా చూడాలి, పల్చటి ల్యాప్‌టాప్‌లో 9.5ది దూరదు. డీవీడీ ట్రే తీసి క్యాడీ (ఆ ఖాళీలో డిస్క్ పట్టే చట్రం) పెట్టించుకుంటుంటే ఎస్‌ఎస్‌డీని అసలు డిస్క్ ఉండే చోట పెట్టించి, హార్డ్ డిస్క్‌ను క్యాడీలోకి మార్పించండి. కొన్ని మోడళ్లలో డీవీడీ వైపు లైన్ వేగం తక్కువ ఉంటుంది.

ల్యాప్‌టాప్ అంగడిలో ఇచ్చేముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ రాసుకోండి. విండోస్ 11లో డిస్క్ మీకు చెప్పకుండానే తాళం పడి ఉండొచ్చు. విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లో చిన్న మార్పు జరిగినా 48 అంకెల ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లు తిరిగి రావు.

రెండో మెట్టు: జాగా లెక్క

256 జీబీ ఎస్‌ఎస్‌డీలో వాడుకోవడానికి వచ్చేది 238. విండోస్, దాని అప్‌డేట్లు, పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది), హైబర్నేషన్ ఫైల్ (ఆపేముందు ర్యామ్‌లో ఉన్నది దాచేది) కలిపి 60 నుంచి 70 పోతుంది. ఆఫీస్, బ్రౌజర్లు, కోడింగ్ సాధనాలకు 30. ఎప్పుడూ ఖాళీగా వదలాల్సింది 15 శాతం, అంటే 36. మిగిలేది 100 జీబీ చిల్లర. అంటే ఒక పెద్ద గేమ్, ఒకటి రెండు చిన్నవి.

ఆ 15 శాతం వదలడం వృథా కాదు. ఎస్‌ఎస్‌డీ రాసిన చోటే నేరుగా తిరగరాయలేదు. ముందు ఒక గుత్తిలో బతికున్న డేటాను వేరేచోటికి చేర్చి, ఆ గుత్తి మొత్తం చెరిపి, అప్పుడు రాస్తుంది. ఖాళీ లేకపోతే ఆ చేరవేత ప్రతి రాతకూ జరుగుతుంది. చవక ఎస్‌ఎస్‌డీలు ఖాళీ జాగాలో కొంత భాగాన్ని వేగంగా రాసుకునే తాత్కాలిక గదిలా వాడుకుంటాయి కూడా. 95 శాతం నిండిన ఎస్‌ఎస్‌డీ మీద కాపీ మొదట 400 ఎంబీతో మొదలై కాసేపటికే 60కి పడిపోవడం ఇందుకే.

మూడో మెట్టు: ఏ గేమ్ ఎక్కడ

ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని తయారీదారులే రాసిన గేమ్‌లతో వాదించొద్దు. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్, అదే ఏడాది బాల్డర్స్ గేట్ 3 కనీస అవసరాల్లోనే ఎస్‌ఎస్‌డీ అడిగాయి. సైబర్‌పంక్ 2077 కూడా 2.0 అప్‌డేట్‌తో హార్డ్ డిస్క్‌ను వదిలేసింది. ఇవి ఆట నడుస్తుండగానే ఊరూ వీధీ ముక్కలు ముక్కలుగా డిస్క్ నుంచి తెచ్చుకుంటాయి. హార్డ్ డిస్క్ మీద పెడితే మనిషి ఒకచోట నిలబడి మాటలు మాత్రం వినిపిస్తాయి, గోడలు మైనం పూసినట్టు మొద్దుగా కనిపించి నాలుగు సెకన్లకు బొమ్మ పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు పాడైందని అనుకునేవాళ్లు చాలామంది, తప్పు డిస్క్‌ది.

బ్లూస్టాక్స్ లాంటి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లు కూడా ఎస్‌ఎస్‌డీలోనే ఉండాలి. చూడటానికి ఒకే పెద్ద ఫైల్, కానీ ఆ ఫైల్ లోపల ఒక ఫోన్ మొత్తం ఉంటుంది, చిన్న చిన్న చదవడాలు ఆగకుండా జరుగుతుంటాయి. కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆన్‌లైన్ ఆటల్లో మ్యాప్ ఆలస్యంగా లోడ్ అయితే మొదటి రౌండ్ తప్పిపోతుంది. దానికి 85 జీబీ కావాలి కాబట్టి, రోజూ ఆడేవాళ్లయితే ఎస్‌ఎస్‌డీలో మిగిలినది దానికే ఇచ్చేయండి.

హార్డ్ డిస్క్‌కు పోయేవి: 2012, 2013కు ముందు వచ్చిన దాదాపు అన్ని గేమ్‌లు, ఒకసారి లోడ్ అయ్యాక మళ్లీ డిస్క్ జోలికి పోనివి, క్రికెట్, రేసింగ్, ఫైటింగ్ ఆటలు, 2డీ ఆటలు, పూర్తి చేసేసినవి, సెలవుల్లో ఆడదామని దాచుకున్నవి. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 మధ్యరకం. హార్డ్ డిస్క్ మీద మొదలవ్వడానికి చాలాసేపు పడుతుంది, ఆ తర్వాత ఆడుకోవచ్చు.

నాలుగో మెట్టు: గేమ్‌లను మార్చడం

గేమ్‌లు కొని ఆడుకునే స్టీమ్ ప్రోగ్రామ్‌లో ఇది సులువు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లి, పైన డ్రైవ్ పేరు నొక్కి, డీ డ్రైవ్‌ను కలపండి. అది స్టీమ్‌లైబ్రరీ అనే ఫోల్డర్ తనే చేసుకుంటుంది. తర్వాత గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, మూవ్. ఫోల్డర్‌ను ఎక్స్‌ప్లోరర్‌లో కట్ చేసి అతికించొద్దు, గేమ్ వివరాలు రాసుకున్న చిన్న ఫైల్ పాతచోటే మిగిలిపోయి స్టీమ్ దాన్ని లేనట్టే చూస్తుంది. మార్చడం అయ్యాక అదే పేజీలో ఫైళ్లు సరిచూసే బటన్ ఉంది, ఒకసారి నొక్కండి.

డీలో లైబ్రరీ పెట్టుకోవడం వల్ల ఇంకో మేలు: విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే, కొత్త స్టీమ్‌కు ఆ డ్రైవ్ చూపిస్తే చాలు, గేమ్‌లన్నీ గుర్తుపడుతుంది. ఒక్క జీబీ కూడా మళ్లీ తెచ్చుకోనక్కర్లేదు. హార్డ్ డిస్క్‌లో దాచిన గేమ్‌లకు ప్రాపర్టీస్‌లోని అప్‌డేట్స్‌లో ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేట్టు పెట్టండి. లేకపోతే ఆడని గేమ్‌ల కోసం డేటా పోవడమే కాదు, అప్‌డేట్ అతికించేటప్పుడు హార్డ్ డిస్క్ గంటసేపు 100 శాతం మీద కొట్టుకుంటుంది.

స్టీమ్ లాంటిదే ఇంకోటి, ఎపిక్. దాని గేమ్‌లకు ఏ వెర్షన్‌లోనైనా పనిచేసే పద్ధతి ఇది. వరస తప్పితే మొత్తం డౌన్‌లోడ్ మళ్లీ మొదలవుతుంది, కాబట్టి నిదానంగా చేయండి.

1. గేమ్ ఫోల్డర్‌ను డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి పేరు చివర "పాతది" అని చేర్చండి.
2. ఎపిక్ లాంచర్‌లో గేమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అంతకు ముందే సేవ్ ఫైళ్లు పక్కన దాచుకోండి.
3. మళ్లీ ఇన్‌స్టాల్ నొక్కి, చోటు డీ డ్రైవ్ అని చూపించండి. 2, 3 శాతం వచ్చాక రద్దు చేసి లాంచర్‌ను పూర్తిగా మూసేయండి. గడియారం పక్కనున్న చిన్న గుర్తు నుంచి కూడా.
4. "పాతది" లోపల ఉన్నదంతా కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చి, అడిగినప్పుడు పైన రాయమనండి.
5. లాంచర్ తెరిచి ఇన్‌స్టాల్ కొనసాగించండి. డౌన్‌లోడ్ చేయకుండా ఉన్న ఫైళ్లను సరిచూసుకుంటుంది.

మైక్రోసాఫ్ట్ స్టోర్, ఎక్స్‌బాక్స్ గేమ్‌లను సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో మూడు చుక్కలు నొక్కి మూవ్ చేయాలి. విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్ హక్కులు బలవంతంగా తీసుకుని కదిలించొద్దు, ఆ తర్వాత ఏ స్టోర్ యాప్ కూడా తెరుచుకోకపోవచ్చు.

గేమ్‌ను మార్చినంత మాత్రాన సేవ్ ఫైళ్లు దాంతో రావు. చాలావరకు అవి డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్‌లోనో, సేవ్డ్ గేమ్స్‌లోనో, దాచి ఉంచే యాప్‌డేటా ఫోల్డర్‌లోనో ఉంటాయి. స్టీమ్ క్లౌడ్ అన్ని గేమ్‌లకూ లేదు.

మార్చేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉంచండి, స్లీప్‌ను ఆ గంటకు ఆపేయండి. కరెంటు పోతే బ్యాటరీ ఉంది కదా అనుకుంటాం గానీ, నాలుగేళ్ల బ్యాటరీ 30 శాతం చూపిస్తూనే టక్కున ఆరిపోతుంది. 2 టీబీ ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు చాలావరకు వరసలను పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి రాసే రకం. 100 జీబీ ఒకేసారి తోస్తే మధ్యలో వేగం 20, 30 ఎంబీకి పడిపోతుంది. చెడిపోలేదు, సర్దుకుంటోంది. ఒక్కో గేమ్ మార్చి పది నిమిషాలు ఆగండి.

ఐదో మెట్టు: సొంత ఫైళ్లు

డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్లను డీకి పంపడానికి: ముందు డీలో ఒక్కోదానికి వేరే ఫోల్డర్ చేయండి. అసలు ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్, కొత్త ఫోల్డర్ చూపించండి. చోటు అడిగినప్పుడు ఏ ఫోల్డరూ ఎంచుకోకుండా ఉట్టి డీ డ్రైవ్‌నే చూపించడం తరచూ జరిగే తప్పు. అప్పుడు డీ డ్రైవ్ మొత్తమే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అయిపోతుంది, వెనక్కి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆపి, తర్వాత ఇది చేయండి.

పెళ్లి వీడియోలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు, పాటలు హార్డ్ డిస్క్‌లో సుఖంగా ఉంటాయి. గేమ్ రికార్డింగులు కూడా అక్కడికే పంపండి, వరసగా రాసే పని కాబట్టి హార్డ్ డిస్క్ తడబడదు. కోడింగ్ ప్రాజెక్టులు చూడటానికి 300 ఎంబీనే అయినా లోపల 40,000 ఫైళ్లు ఉంటాయి, వాటిని ఎస్‌ఎస్‌డీలోనే ఉంచండి. వీడియో ఎడిటింగ్‌లో అసలు ఫుటేజ్ హార్డ్ డిస్క్‌లో, ప్రాజెక్టు, క్యాష్ (తాత్కాలిక ఫైళ్లు) ఎస్‌ఎస్‌డీలో. యాప్‌డేటా, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్ ఫోల్డర్లను మాత్రం అసలు కదిలించకండి.

ఇంకా సీ నిండుగానే ఉంటే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ చూడండి. పాత విండోస్ మిగులు 20 జీబీ దాకా అక్కడ కూర్చుని ఉండొచ్చు. డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉంటే తీసేసి అప్పుడు చెరపండి.

ఎండ, దుమ్ము, బస్సు

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో బయట 42, 43 డిగ్రీలు మామూలు. మిద్దె మీది గదిలో రాత్రి పదికి కూడా గోడలు కాలుతుంటాయి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌కు సాధారణంగా పరిమితి 60 డిగ్రీలు, చాలా ఎస్‌ఎస్‌డీలకు 70. పరుపు మీద పెట్టి ఆడితే కింది గాలి దారి మూసుకుని 55 దాటడం ఎంతో సేపు పట్టదు. ఎన్‌వీఎంఈ వేడెక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది, హార్డ్ డిస్క్‌కు ఆ తెలివి లేదు, అరుగుతుంది. చెక్క మీద పెట్టండి, వెనక అంచు కింద రెండు సీసా మూతలంత ఎత్తు ఇవ్వండి. ఆ నెలల్లో పెద్ద కాపీలు తెల్లవారుజామున చేయండి.

అనంతపురం నుంచి కర్నూలుకు 150 కిలోమీటర్లు బస్సులో పోతూ ల్యాప్‌టాప్ మూత మాత్రం మూసి సంచిలో పెట్టడం హార్డ్ డిస్క్‌కు అన్నిటికంటే చేటు. కొత్త ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లో కూడా మధ్యమధ్య మేలుకుంటాయి, సంచిలోనే వేడెక్కుతాయి, పళ్లెం తిరగడం మొదలుపెట్టొచ్చు. తిరిగే డిస్క్ తట్టుకునే దెబ్బకు రెండింతలకు పైగా ఆగిన డిస్క్ తట్టుకుంటుంది. షట్‌డౌన్ లేదా హైబర్నేట్ చేసి, పది సెకన్లు ఆగి, అప్పుడు సంచిలో పెట్టండి. జాగా కోసం హైబర్నేషన్ ఆపేయమని చెప్పేవాళ్లున్నారు. అది తీసుకునేది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, 16 జీబీ ర్యామ్‌కు 6.4 జీబీ. ప్రయాణాలు చేసేవాళ్లు దాన్ని ఆపకపోవడమే మంచిది.

తర్వాత వచ్చే ఇబ్బందులు

హార్డ్ డిస్క్ మీది గేమ్ ఆడుతుంటే అరగంటకోసారి బొమ్మ మూడు నాలుగు సెకన్లు గడ్డకట్టి, చెయ్యి పెట్టుకునే చోట లోపల సన్నగా ఒక టిక్, ఆ వెంటనే గుయ్‌మని తిరగడం మొదలైన శబ్దం వినిపిస్తుందా? డిస్క్ నిద్రపోయి లేచింది. పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో హార్డ్ డిస్క్‌ను ఎన్ని నిమిషాలకు ఆపాలో ఉంటుంది, ఛార్జర్ మీద ఉన్నప్పుడు సున్నా పెట్టండి. బ్యాటరీ మీద అలాగే వదలండి.

గేమ్‌లన్నీ ఒక్కసారిగా మాయమైతే డ్రైవ్ అక్షరం మారిందేమో చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టి తీసినప్పుడు, విండోస్ మళ్లీ వేసినప్పుడు డీ కాస్తా ఈ అవుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మళ్లీ డీ అని ఇస్తే అన్నీ తిరిగొస్తాయి.

ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ చేసే (ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చే) ప్రోగ్రామ్‌లు వేయొద్దు. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ వారానికోసారి తనే నడుస్తుంది, హార్డ్ డిస్క్‌ను సర్దుతుంది, ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల జాగా ఇక అక్కర్లేదనే కబురు) పంపుతుంది. ట్రిమ్ ఉన్నందువల్లే ఎస్‌ఎస్‌డీలో పొరపాటున చెరిపిన ఫొటోలు రికవరీ ప్రోగ్రామ్‌లకు దొరకవు. హార్డ్ డిస్క్ చాలాసార్లు టకటకమని ముందే హెచ్చరిస్తుంది, ఎస్‌ఎస్‌డీ పొద్దున పనిచేసి సాయంత్రానికి కనిపించకుండా పోగలదు.

లోపలి డీ డ్రైవ్‌లో ఉన్న కాపీ బ్యాకప్ కాదు, ల్యాప్‌టాప్ పోతే రెండూ పోతాయి. గేమ్‌లు మళ్లీ తెచ్చుకోవచ్చు, ఇంట్లో పెద్దవాళ్ల ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టు, సేవ్ ఫైళ్లు తెచ్చుకోలేం. వాటి కోసం ఒక 1 టీబీ బయటి హార్డ్ డిస్క్‌ను విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసి, వేగమైన యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టి నెలకోసారి కాపీ చేయండి. కాపీ అయ్యాక ఆ డిస్క్ నుంచే ఏవైనా రెండు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చివరిదాకా ఆడుతుందో లేదో చూసి, సేఫ్‌గా ఎజెక్ట్ చేసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా బీరువాలో పెట్టండి.